చివరి రోజంతా సముద్రంలోనే అయితే ఆ రోజు దండగేనా?

ఆగస్టులో అమ్మానాన్నల్ని తీసుకుని సౌతాంప్టన్ నుంచి నార్వే క్రూజ్‌కి వెళ్తున్నామని రాశారు. బెర్గెన్ తర్వాత రోజంతా సముద్రం తప్ప ఇంకేమీ లేదు, ఆ రోజుకి పెట్టే డబ్బు దండగ కదా, బెర్గెన్‌లోనే దిగిపోయి విమానంలో లండన్ వచ్చేస్తే ఎలా ఉంటుందని అడిగారు. అమ్మగారికి కడుపులో తిప్పుతుందేమోనన్న భయం కూడా ఉందన్నారు. మేము సరిగ్గా ఇదే ప్రయాణం చేశాం కాబట్టి చెప్తున్నాను. దిగకండి. మధ్యలో దిగాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి, మామూలుగా డబ్బు వెనక్కి రాదు, పైగా విమానం టికెట్ల ఖర్చు. ఇవన్నీ పక్కన పెట్టినా, మా వారం రోజుల్లో నాకు బాగా గుర్తుండిపోయింది ఆ చివరి రోజే.

మేము ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటాం. 2023 జూన్‌లో అమ్మానాన్నలు అవనిగడ్డ నుంచి వచ్చినప్పుడు ఏడు రాత్రుల క్రూజ్ తీసుకున్నాం. ఓడ ఆగిన ఊళ్ళు స్టావెంజర్, ఫ్లామ్, ఓల్డెన్, బెర్గెన్. నాన్న ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన ఉద్యోగమంతా కృష్ణా డెల్టా కాలవ గట్ల మీదే గడిచింది. కాలవ నీళ్ళంటే ప్రాణం, సముద్రం మాత్రం పడదు. మంగినపూడి బీచ్‌కి తీసుకెళ్ళినా ఇసుకలో ఎక్కడో దూరంగా కూర్చుంటారే తప్ప నీళ్ళ దగ్గరికి రారు. బట్టలు తడుస్తాయన్న చిరాకేమో అని నేను చిన్నప్పటి నుంచీ అనుకునేదాన్ని. ‘ఫియోర్డ్ అంటే సముద్రం కాదు నాన్నా, కొండల మధ్య కాలవ లాంటిది’ అని నచ్చజెప్పి ఒప్పించాను. నిజానికి అదీ కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయే. వెళ్ళేటప్పుడు మొదటి రోజు సముద్రంలో ఆయన క్యాబిన్‌లోంచి భోజనానికి తప్ప బయటికి రాలేదు.

బెర్గెన్‌లో సాయంత్రం ఓడ కదిలింది. కాసేపటికి దీవులన్నీ వెనకబడిపోయాయి. ఆ రాత్రి గడియారం ఒక గంట వెనక్కి తిప్పుకోమని అనౌన్స్‌మెంట్ వచ్చింది. నార్వే టైం బ్రిటన్ కంటే గంట ముందుంటుంది కాబట్టి తిరుగు ప్రయాణంలో ఆ గంట మనకి తిరిగొస్తుంది. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళుంటే భోజనం, మాత్రల టైం దానికి తగ్గట్టు చూసుకోండి. ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లోనే ఉంచండి. ఓడలో పట్టే సముద్రపు నెట్‌వర్క్‌కి బిల్లు చాలా ఎక్కువ.

రాత్రి పదిన్నరైనా వెలుతురు పూర్తిగా పోలేదు. క్యాబిన్ కిటికీలోంచి దూరంగా, నీళ్ళ మధ్యలో ఒక మంట కనిపించింది. ‘తాటిపాకలో మంటలా ఉందే’ అన్నారు నాన్న. తాటిపాక అంటే కోనసీమలో చమురు, గ్యాస్ పనులు జరిగే ఊరు. ఇక్కడ కనిపించింది సముద్రంలో చమురు తీసే ప్లాట్‌ఫామ్ మీది మంట. స్టావెంజర్‌లో పెట్రోలియం మ్యూజియం చూసినప్పుడు ఎకోఫిస్క్ అనే చోట 1969లో చమురు పడిందని, అక్కడి నుంచే నార్వే దశ తిరిగిందని విన్నాం. నాన్న అలా కిటికీకి ఆనుకుని చాలాసేపు చూశారు. ఆ ప్రయాణంలో ఆయన తనంతట తానుగా సముద్రం వైపు చూడటం అదే మొదటిసారి.

పొద్దున లేచేసరికి బీరువాలో హ్యాంగర్లు ఒకదానికొకటి తగిలి టకటకమంటున్నాయి. గ్లాసులో నీళ్ళు కాస్త ఒక పక్కకి వాలి, మళ్ళీ సర్దుకుంటున్నాయి. అమ్మ మంచం అంచు మీద కూర్చుని ‘నాకు తిప్పుతోందే’ అంది. మీ భయం ఇదే కాబట్టి వివరంగా చెప్తాను. ఫియోర్డుల లోపల ఓడ నేల మీద ఉన్నట్టే ఉంటుంది, అందుకే నాలుగు రోజులు ఏ మందూ అక్కర్లేదనిపిస్తుంది. బ్రిటన్‌కీ నార్వేకీ మధ్యనున్న నార్త్ సీలోకి వచ్చాక పరిస్థితి మారుతుంది. ఎవోమిన్ లాంటి మాత్ర తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా లాభం లేదు, బెర్గెన్ దాటే ముందే వేసుకోవాలి. బీపీ, గ్లకోమా, ప్రోస్టేట్ లాంటివి ఉన్నవాళ్ళు ఆ మాత్ర పడుతుందో లేదో బయల్దేరే ముందే డాక్టర్ని అడగాలి. మాత్ర వేసుకుంటే మగతగా ఉంటుంది, మెట్ల దగ్గర పెద్దవాళ్ళ చెయ్యి వదలకండి. ఇంకా క్యాబిన్ ఎంచుకునే అవకాశం ఉంటే ఓడ మధ్యలో, కింది డెక్‌లో తీసుకోండి. తూగుడుబల్ల మీద కూర్చున్నట్టే ఇదీను. చివర్లు ఎగిసిపడతాయి, మధ్యలో కూర్చున్నవాళ్ళకి పెద్దగా తెలియదు. అమ్మని మధ్య డెక్‌లో, కిటికీ పక్కన, దూరంగా ఆకాశం నీళ్ళు కలిసేచోటు కనిపించేలా కూర్చోబెట్టాం. అల్లం మురబ్బా, ఉప్పు బిస్కెట్లు, ఆకుపచ్చ యాపిల్ ముక్కలు పెట్టాం. ఖాళీ కడుపుతో ఉండనివ్వలేదు. పదింటికల్లా ఆవిడే లేచి చీరలు మడతపెట్టుకుంది.

ఆ మడతల సంగతి కూడా ముఖ్యమే. పెట్టెలు సర్దే పని పొద్దున్నే కానిచ్చేయండి. అందరూ సాయంత్రానికి వాయిదా వేస్తారు, దాంతో మధ్యాహ్నమంతా ఆ టెన్షన్‌తోనే పోతుంది. మేము పదకొండింటికల్లా ముగించాం. ఇక దిగాల్సిన ఊరు లేదు, ఎక్కాల్సిన బస్సు లేదు. ఆరు రోజులుగా ‘పద నాన్నా, టైమైపోతోంది’ అని తరిమినదాన్ని ఆ రోజు అనడానికి మాట లేక కూర్చున్నాను.

పదకొండింటికి థియేటర్‌లో నార్త్ సీ గురించి ఒక ఉపన్యాసం ఉంది. మా పాప తాతయ్యని చెయ్యి పట్టి లాక్కెళ్ళింది. మా ఆయన పక్కన కూర్చుని మెల్లగా తెలుగులో చెప్తూ వచ్చారు. మనం వెళ్తున్న ఈ సముద్రం అడుగున ఒకప్పుడు నేల ఉండేదట. మంచుయుగం ముగిసి నీటిమట్టం పెరగకముందు బ్రిటన్ నుంచి డెన్మార్క్ దాకా నడిచి వెళ్ళగలిగేవారు. దానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు డాగర్‌లాండ్. 1931లో కొలిండా అనే చేపల ఓడ వలలో ఒక మట్టిగడ్డ పడితే, పగలగొట్టి చూస్తే లోపల కొమ్ముతో చెక్కిన ఈటె మొన ఉంది. ఆ నేల కొద్దికొద్దిగా మునుగుతూ ఉండగానే, దాదాపు 8,000 ఏళ్ళ కిందట నార్వే తీరం దగ్గర సముద్రం అడుగున కొండచరియ లాంటిది జారిపడి పెద్ద సునామీ వచ్చిందట. స్టోరెగ్గా అంటారు దాన్ని. నాన్న ఒక్క మాట కూడా మాట్లాడకుండా విన్నారు.

పన్నెండింటికి స్పీకర్లలో కెప్టెన్ గొంతు వచ్చింది. ఎక్కడున్నాం, గాలి ఎటు వీస్తోంది, వేగం ఎంత అని చెప్పి, మన కింద నీళ్ళు సుమారు 40 మీటర్ల లోతని చెప్పారు. నాన్న నావైపు తిరిగి ‘మరి ఆ ఫ్లామ్ వెళ్ళిన కాలవ లోతెంతన్నావు?’ అన్నారు. ఫ్లామ్ ఉండేది సోగ్నే ఫియోర్డ్ పాయ ఒకదాని చివర. ఆ సోగ్నే ఫియోర్డ్ 200 కిలోమీటర్లకు పైగా లోపలికి వెళ్తుంది, లోతు 1,300 మీటర్లకు పైనే. ‘అంటే కాలవ లోతూ, సముద్రం మెరకానా!’ అన్నారు. మా ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు, దాన్ని నిలువుగా నిలబెట్టినా ఆ ఫియోర్డులో మునిగిపోతుందని ఆయనే లెక్క చెప్పారు. వేల ఏళ్ళు మంచునది కదులుతూ కొండని కోసుకుంటూ పోవడం వల్ల అంత లోతు వచ్చింది. సముద్రంలో కలిసేచోట మంచు పలచబడి అంత కొయ్యలేకపోయింది, అందుకే ఫియోర్డు నోటి దగ్గర గడపలా మెరక మిగిలిపోయింది. అక్కడ లోతు 200 మీటర్లలోపే. ఓల్డెన్‌లో బ్రిక్స్‌డాల్ మంచునదిని చూసి వచ్చాం కాబట్టి ఇది ఆయనకి వెంటనే అర్థమైంది.

భోజనాల దగ్గర మాకు వడ్డించే అబ్బాయిది శ్రీకాకుళం జిల్లా. రెండో రోజే అమ్మ కోసం వంటింట్లో చెప్పి పప్పు చేయించాడు. మీకూ ఓడలో మనవాళ్ళు ఎవరో ఒకరు తగులుతారు, ముందు రోజే చెప్తే అన్నం, పప్పు, పెరుగు ఏర్పాటు చేస్తారు. ఆ రోజు అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అడిగితే చెప్పాడు, మర్నాడు పొద్దున మేమంతా దిగాక మధ్యాహ్నానికల్లా మళ్ళీ వేలమంది ఎక్కుతారు, నెలల తరబడి వారానికొకసారి ఇదే తంతు అని. మన చివరి రోజు వాళ్ళకి అన్నిటికంటే ఎక్కువ పని ఉండే రోజు. టిప్పులు బిల్లులో కలిపేసినా సరే, మిమ్మల్ని బాగా చూసుకున్నవాళ్ళకి విడిగా ఒక కవరు ఇవ్వండి. అమ్మ కవరుతో పాటు, సీలు తియ్యని జీడిపప్పు పాకం ప్యాకెట్ కూడా ఇచ్చింది. అతను దాన్ని ఏప్రన్ జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు.

మూడింటికి గాలి కాస్త తగ్గింది. నాన్నే ‘బయట నడుద్దామా’ అన్నారు. కింది డెక్‌లో ఓడ చుట్టూ నడిచే దారి ఉంటుంది, ఎన్ని చుట్లు తిరిగితే ఒక మైలో బోర్డు మీద రాసి ఉంటుంది. మంకీ క్యాప్, శాలువాతో ఆయన, పక్కన నేను. రెక్కల చివర నల్లగా ఉన్న తెల్లటి పెద్ద పక్షులు, గానెట్లట, ఓడ పక్కనే ఎగురుతున్నాయి. రెండో చుట్టులో నాన్న ఆగి రెయిలింగ్ మీద చెయ్యి వేశారు. ఇనుము మీద ఉప్పు తెల్లగా పొడిలా పేరుకుని ఉంది. వేలితో రాసి నాలిక మీద పెట్టుకున్నారు.

‘ఉప్పెన తర్వాత మా పెద్దమ్మ వాళ్ళ బావి నీళ్ళు ఇలాగే ఉండేవి’ అన్నారు.

1977 నవంబరు 19. దివిసీమ వాళ్ళెవరికీ ఆ తారీఖు చెప్పక్కర్లేదు. నాన్నకి అప్పుడు 22 ఏళ్ళు. మా ఇంట్లో ‘పెద్దమ్మ ఉప్పెనలో పోయింది’ అన్న ఒక్క ముక్కే నేను విన్నాను. ఆ వివరాలు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ రోజు డెక్ మీద ఆయన వరసగా చెప్పారు. రెండు రోజుల తర్వాత నాగాయలంక అవతలకి నడుచుకుంటూ వెళ్ళారట, పెద్దమ్మ వాళ్ళని వెతకడానికి. దారి లేదు, గట్టు లేదు, పొలానికీ రోడ్డుకీ తేడా లేదు. తాడిచెట్టు పట్టుకుని బతికిన ఒక మనిషి చేతుల చర్మం చూశానని చెప్పారు. ఇల్లున్న చోట బావి మాత్రం మిగిలింది. దాహానికి చేదతో తోడి నోట్లో పోసుకుంటే ఉప్పు. పెద్దమ్మ వాళ్ళు దొరకలేదు. ఆ తర్వాతే ఇరిగేషన్‌లో చేరారు, మొదట్లో కొన్నాళ్ళు కరకట్ట మీదే పని. ‘సముద్రం అంటే భయం కాదమ్మా, దాన్ని చూస్తే ఆ నీళ్ళే గుర్తొస్తాయి’ అన్నారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. మేమిద్దరం ఒకచోట అంతసేపు నిలబడి చాలా ఏళ్ళయింది.

అప్పుడు మాకు ఎడమవైపు, కనిపించనంత దూరంలో నెదర్లాండ్స్ ఉంది. నాకు తెలిసింది చెప్పాను. 1953 జనవరి 31 రాత్రి ఈ సముద్రమే పెను గాలికి పొంగి గట్లు తెంచుకుని లోపలికి వచ్చింది. నెదర్లాండ్స్‌లో 1,836 మంది, ఇంగ్లండ్‌లో 307 మంది పోయారు. నాన్న వెంటనే ‘తర్వాత ఏం కట్టారు?’ అన్నారు. అక్కడి ఈస్టర్న్ షెల్ట్ అనే సముద్రపు పాయ నోటికి అడ్డంగా దాదాపు 9 కిలోమీటర్ల అడ్డుకట్ట, 62 ఉక్కు గేట్లు, 1986లో పూర్తయింది. మామూలు రోజుల్లో గేట్లు ఎత్తే ఉంచుతారు, ఆటుపోట్లు లోపలికీ బయటికీ తిరుగుతుంటాయి, చేపలు బతుకుతాయి. తుఫాను వస్తే దించుతారు. ‘మన బ్యారేజీకి 70 గేట్లు. దీనికి ఎనిమిది తక్కువ’ అని, గేటు బరువు, హైడ్రాలిక్‌తో ఎత్తడం, ఉప్పుకి తుప్పు పట్టకుండా ఏం చేస్తారు అని ప్రశ్నల మీద ప్రశ్నలు. టీ టైమ్ దాటిపోయింది. అమ్మ వచ్చి ‘ఏవండీ, చలికి ముక్కు ఎర్రబడింది, లోపలికి రండి’ అని పిలిస్తే గానీ కదల్లేదు.

ఇప్పుడు మేము చేసిన ఒక పెద్ద పొరపాటు. చివరి రాత్రి పెద్ద పెట్టెలకి ట్యాగులు కట్టి పది, పదకొండు గంటల లోపు క్యాబిన్ బయట పెట్టాలి. వాటిని వాళ్ళు తీసుకెళ్ళిపోతారు, మళ్ళీ కనిపించేది సౌతాంప్టన్ టెర్మినల్‌లోనే. పెట్టెలు పొద్దున్నే సర్దాం కదా, నాన్న షుగర్ మాత్రల డబ్బా ఆ పెట్టెల్లోనే వెళ్ళిపోయింది. పదిన్నరకి వెతికితే లేదు, వరండాలో పెట్టెలూ లేవు. ఆ పెట్టె వేల పెట్టెల మధ్య ఎక్కడో ఉంది, ఎవరూ తీసివ్వలేరు. ఓడలో ఉన్న మెడికల్ సెంటర్‌కి వెళ్తే నర్సు షుగర్ చూసి, డాక్టరుతో మాట్లాడి మాత్రలు ఇచ్చారు. దానికి బిల్లు వేరే. అంతా సర్దుకుంది కానీ ఆ గంటసేపు నా గుండె నా దగ్గర లేదు. మందులు, పాస్‌పోర్టులు, కళ్ళజోళ్ళు, పొద్దున వేసుకునే బట్టలు, చెప్పులు ఒక చేతి సంచిలో వేసి, ఆ సంచి తలుపు దగ్గర కాకుండా మంచం మీద పెట్టుకోండి. తిరిగి యూకేలోకి వచ్చేటప్పుడు అమ్మానాన్నల పాస్‌పోర్టులు చూస్తారు, అవి పెట్టెలో పడితే మా మాత్రల కంటే పెద్ద తలనొప్పి.

బిల్లు ఆ సాయంత్రమే ఒకసారి చూసుకోండి, పొద్దున కౌంటర్ దగ్గర క్యూ చాంతాడంత ఉంటుంది. అమ్మానాన్నల ఫారెక్స్ కార్డు ఇచ్చి ఉంటే, పట్టి ఉంచిన డబ్బు వెనక్కి రావడానికి కొన్ని రోజులు పట్టొచ్చు, కాబట్టి ఆ కార్డు మీద ఆధారపడి వేరే ఖర్చులు పెట్టుకోకండి.

 

ఆ రాత్రి బాగా పొద్దుపోయాక వెలుతురు పోయి చీకటి పడింది. వారం రోజులుగా నిజమైన చీకటి చూడలేదేమో, పాప ‘తాతయ్యా, నక్షత్రాలు!’ అని అరిచింది. మర్నాడు తెల్లవారుజామున నాన్నే మమ్మల్ని లేపారు. ఓడ సౌతాంప్టన్ ముందుండే వైట్ దీవి (ఐల్ ఆఫ్ వైట్) పక్కగా తిరుగుతోంది, చిన్న పడవ ఒకటి పక్కకి వచ్చింది, అందులోంచి రేవులోకి ఓడకి దారి చూపించే పైలట్ నిచ్చెన పట్టుకుని ఓడ ఎక్కాడు. నాన్న రెయిలింగ్‌కి ఆనుకుని, పాపని తన ముందు నిలబెట్టుకుని చూస్తున్నారు.

మీ అమ్మానాన్నల్ని కూడా ఆ టైంకి లేపండి. వచ్చే దారిలో కుడివైపు పోర్ట్స్‌మత్ దీపాలు, ఎడమవైపు వైట్ దీవి ఉంటాయి. ఆగస్టైనా గాలి బాగా చల్లగా కొడుతుంది, శాలువాలు పెట్టెల్లో పంపేయకండి.